కోనసీమ మట్టిలో సునామీ జాడలు: తెలిసిందెంత, తేలాల్సిందెంత

2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా దగ్గర సముద్రగర్భంలో భూమి కంపించింది. రెండున్నర గంటలు తిరిగేసరికి ఆ అలలు మన తీరాన్ని కొట్టాయి. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా చనిపోయారు. తమిళనాడులో ఒక్క నాగపట్నం జిల్లాలోనే మృతులు ఆరు వేలకు పైమాటే. తుపానుకూ ఉప్పెనకూ అలవాటుపడ్డ మన తీరానికి కూడా గాలీ వానా లేని పూట సముద్రం అలా మీదికి రావడం కొత్త అనుభవం. ఇలాంటిది ఇంతకు ముందెప్పుడైనా వచ్చిందా అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

మనుషుల జ్ఞాపకం మూడు నాలుగు తరాలకు మించి వెనక్కి పోదు. బ్రిటిషు, ఫ్రెంచి, డచ్చి వర్తకుల కాగితాలు కలుపుకున్నా మహా అయితే నాలుగు వందల ఏళ్లు. పెద్ద సునామీలు వందల ఏళ్లకోసారి వచ్చేవి కాబట్టి ఈ రెండు ఆధారాలూ చాలవు. మిగిలింది నేల. గత ఇరవై ఏళ్లుగా హిందూ మహాసముద్రం చుట్టూ శాస్త్రవేత్తలు నేలను తవ్వి పాత అలల లెక్క తీస్తున్నారు. ఆ లెక్కలో కోనసీమకు వర్తించేది ఎంత, వర్తించనిది ఎంత అన్నదే ఇక్కడ మన సమీక్ష.

నది పోసిన నేల

ముందు ఈ నేల సంగతి తెలియాలి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వసిష్ఠ అంతర్వేది దాకా పోతుంది. గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్నది కోనసీమ. మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగి, ఇంచుమించు ఏడెనిమిది వేల ఏళ్ల కిందట నెమ్మదించింది. ఆ తర్వాతే నది తెచ్చిన ఒండ్రు పేరుకుని ఈ డెల్టా సముద్రంలోకి జరగడం మొదలైంది. ఇవాళ కొత్తపేట, అమలాపురం, రాజోలు ఉన్న చోట్లు ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో సముద్రం నుంచి తేలినవే.

ఈ జరుగుడుకు గుర్తులు ఇంకా కంటికి కనిపిస్తాయి. తీరానికి సమాంతరంగా లోపలికి వరసకట్టి ఉన్న ఇసుక మెరకలు ఒకప్పటి సముద్రపు ఒడ్డులు. మెరక మీద ఊళ్లు, కొబ్బరితోటలు. మెరకకూ మెరకకూ మధ్య పల్లంలో వరిచేలు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి ఈ మెరకలను గుర్తించి, బోర్లు వేసి తీసిన మట్టికి రేడియోకార్బన్ పద్ధతిలో వయసు కట్టి డెల్టా చరిత్రను రాశారు. సునామీ జాడలు వెతికేవాళ్లకు ఆ పని పునాది.

ఎందుకంటే, ప్రతి పల్లమూ ఒకప్పుడు ఒడ్డు వెనకే ఉన్న చిత్తడి. అక్కడ నీరు కదలదు, బురద సన్నగా పేరుకుంటుంది. ఒడ్డును దాటి వచ్చిన పెద్ద అల ఏదైనా ఆ బురద మీద ఇసుక పరిచి పోతుంది. తర్వాత మళ్లీ బురద చేరి ఆ ఇసుకను కప్పేస్తుంది. డెల్టా ఇంకాస్త ముందుకు జరిగాక ఆ పల్లం అలలకు అందకుండా పోతుంది, దాని పని కొత్తగా ఏర్పడ్డ పల్లం అందుకుంటుంది. ఆత్రేయపురం పూతరేకుల్లా పొర మీద పొరగా ఉన్న ఈ మట్టిలో ఏ పొర ఎప్పటిదో తెలిస్తే ఏ అల ఎప్పటిదో తెలుస్తుంది. ఇందులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. మూడు వేల ఏళ్ల నాటి అల ఇసుకను ఇవాళ్టి ఓడలరేవు ఒడ్డున వెతికితే దొరకదు, అప్పటికి ఆ ఒడ్డే లేదు. కొన్ని కిలోమీటర్లు లోపలికి, నాటి ఒడ్డు వెనక పల్లంలో వెతకాలి.

ఇసుక పొరను చదివే తీరు

సునామీ అల మామూలు అల లాంటిది కాదు. ఒక్కో అల పొడవు పదుల, వందల కిలోమీటర్లు. నీరు పదీ ఇరవై నిమిషాలు ఆగకుండా లోపలికి తోసుకొస్తుంది, తర్వాత అంతే జోరుగా వెనక్కి తీస్తుంది. ఇలా కొన్నిసార్లు మాత్రమే జరుగుతుంది. అందువల్ల అది పరిచే ఇసుక పలచగా, సాధారణంగా పాతిక సెంటీమీటర్ల లోపు మందంతో, లోపలికి చాలా దూరం పోతుంది. కింద ముతక ఇసుక, పైకి పోయేకొద్దీ సన్న ఇసుక. అడుగున కోసుకొచ్చిన బురద ముద్దలు. లోతు సముద్రంలో బతికే ఫొరామినిఫెరా, డయాటమ్ లాంటి సూక్ష్మజీవుల పెంకులు. నేలకు దూరంగా ఉండాల్సిన ఆ పెంకులు చేను మట్టిలో దొరికితే అవి నడిచి రాలేదు కదా.

తుపాను ఉప్పెన పని వేరు. గంటల తరబడి వందలాది అలలు ఒడ్డును కొడుతూనే ఉంటాయి. ఒడ్డు దగ్గర ఇసుక మందంగా, సన్నని చారలు చారలుగా పడుతుంది. సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటేసరికి పలచబడి ఆగిపోతుంది. అమెరికా భూవిజ్ఞాన సర్వేకు చెందిన రాబర్ట్ మోర్టన్ బృందం 2007లో ఈ తేడాలను ఒక చోట చేర్చి పట్టిక కట్టింది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలు చాలావరకు దాన్నే కొలబద్దగా వాడుకున్నాయి.

కోనసీమలో మూడో అనుమానితుడు కూడా ఉన్నాడు: గోదావరి వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. గట్టు తెగిన చోటల్లా అలాంటి వరద కూడా ఇసుక మేట వేస్తుంది. అయితే నది ఇసుకను సముద్రపు ఇసుక నుంచి వేరు చేయడం కొంత తేలిక. తీరంలో అలలు తేలిక రేణువులను కొట్టుకుపోయి ఇల్మనైట్, మాగ్నటైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ లాంటి బరువు ఖనిజాలను మిగిలిస్తాయి. మన తీరంలో కనిపించే నల్ల ఇసుక అదే. దానికి సముద్రపు సూక్ష్మజీవుల పెంకులు కూడా తోడైతే ఆ పొర నదిది కాదని తేల్చవచ్చు. అసలు చిక్కు ఆ తర్వాతే వస్తుంది. సముద్రం తెచ్చిందే, కానీ తెచ్చింది తుపానా, సునామీనా?

వయసు కట్టడానికి రెండు ప్రధాన పద్ధతులు. పొరలో చిక్కిన ఆకు, గింజ, గవ్వ లాంటి వాటికి రేడియోకార్బన్. ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసినదెప్పుడో చెప్పే కాంతి ఉద్దీపన పద్ధతి రెండోది. రెంటికీ లోపాలున్నాయి. గవ్వ సముద్రంలోని పాత కార్బన్‌ను తీసుకుంటుంది కాబట్టి ఉన్నదానికంటే ముసలిదిగా కనిపిస్తుంది. రాత్రిపూట వచ్చిన అల మోసిన ఇసుకకు ఎండ తగలకపోవచ్చు. ఆకులు, గింజలే నమ్మదగ్గ సాక్షులు.

ఇరుగుపొరుగు తీరాలు చెప్పింది

గట్టి సాక్ష్యాల్లో మొదటిది థాయ్‌లాండ్‌లోని ఫ్రా థాంగ్ దీవిది. క్రుయావున్ జాంకావ్ బృందం 2008లో నేచర్ పత్రికలో దాన్ని ప్రకటించింది. అక్కడి నేల కూడా ఇసుక మెరకలు, మధ్యలో పల్లాలు. పల్లంలో తవ్వితే 2004 నాటి ఇసుక కింద నల్లమట్టి, దాని కింద మరో ఇసుక పొర, మళ్లీ మట్టి, మళ్లీ ఇసుక. 2004కు ముందరి పొర 550 నుంచి 700 ఏళ్ల నాటిది. అదే సంచికలో కాట్రిన్ మోనెకె బృందం సుమత్రాలోని ఆచే తీరం నుంచి రెండు పాత పొరలను చూపింది. ఒకటి క్రీ.శ. 1290–1400 మధ్యది, రెండోది 780–990 మధ్యది. ఒకదానికొకటి దూరంగా ఉన్న రెండు తీరాలు ఒకే కాలాన్ని చూపడం వల్ల పద్నాలుగో శతాబ్దం ప్రాంతంలో 2004 లాంటిదే ఒకటి వచ్చిందన్న మాటకు బలం చేకూరింది.

ఆచే దగ్గరి ఒక సముద్రతీర గుహ మరింత వెనక్కి తీసుకుపోయింది. అక్కడ గబ్బిలాల పెంట మధ్యలో ఇసుక పొరలు దాగి ఉన్నాయి. 7,400 నుంచి 2,900 ఏళ్ల కిందటి వరకు పదకొండు సునామీలను చార్లెస్ రూబిన్ బృందం 2017లో లెక్కించింది. అవి గడియారం కొట్టినట్టు రాలేదు. ఒక్కోసారి వెంట వెంటనే, ఒక్కోసారి వేల ఏళ్ల విరామంతో వచ్చాయి. 'అయిదు వందల ఏళ్లకోసారి వస్తుంది, ఇప్పుడే వచ్చిపోయింది కాబట్టి మన తరానికి భయం లేదు' అనే వాదన ఇక్కడితో చెల్లిపోయింది.

ఇటు మన ఒడ్డున సి.పి. రాజేంద్రన్, కుసలా రాజేంద్రన్‌ల బృందం మహాబలిపురం దగ్గర వెయ్యి, వెయ్యిన్నర ఏళ్ల ప్రాంతానికి చెందిన సముద్రపు పొరలను గుర్తించింది. 2004 అలలు ఇసుకను కోసుకుపోయాక అక్కడి సాళువన్‌కుప్పంలో పురావస్తు శాఖ తవ్వకాల్లో పాత సుబ్రహ్మణ్య ఆలయం బయటపడింది. దాన్ని కూల్చింది సముద్రమేనన్న వాదన ఉంది. చోళుల రేవు కావేరీపట్నంలో కూడా వెయ్యేళ్ల నాటి ఇసుక పొరను అదే బృందం సునామీదిగా చూపింది. ఆచేలోని 780–990 పొరతో దీన్ని జతచేస్తే కాలం దాదాపు కలుస్తుంది. అయినా తమిళ తీరం కూడా తుపానుల దారిలోదే. తీరం వెంట ఒకటి రెండు చోట్ల దొరికిన పొరను బట్టి ఇది తుపానుది కాదు అని చెప్పడం ఫ్రా థాంగ్‌లో చెప్పినంత సులువు కాదు. అక్కడ తుపానులు అరుదు, ఇక్కడ ఏటా ఉన్నవే.

ఉప్పెనల గడ్డ మీద ఉన్న చిక్కు

తమిళ తీరానికే ఇంత చిక్కు ఉంటే కోనసీమకు ఎంతుండాలి? గోదావరి, కృష్ణా డెల్టాల చరిత్ర అంటేనే ఉప్పెనల చరిత్ర. 1864 నవంబరు 1న మచిలీపట్నంలో ముప్పై వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలమందికి పైగా. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీదే పడ్డ తుపాను వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మొగ ఒడ్డు ఊళ్లలో సముద్రం ఇళ్ల మీదికి వచ్చింది. లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి.

అన్నిటికంటే ఆసక్తికరమైనది గౌతమి అవతలి ఒడ్డున ఉన్న కోరంగిది. 1789 డిసెంబరులో ఆ రేవును మూడు మహా అలలు ముంచాయనీ, మొదటిది ఊళ్లోకి నీరు తెచ్చిందనీ, చివరిది మిగిలినదంతా ఊడ్చుకుపోయిందనీ ఆనాటి కథనం. ఇరవై వేలమంది చనిపోయారని రాశారు. 'సైక్లోన్' అన్న మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఈ ఘటనను తన రచనల్లో ప్రస్తావించాడు. వేరు వేరుగా వచ్చిన మూడు అలలు అంటే వినడానికి అచ్చం సునామీలాగే ఉంది. కానీ అదే కథనంలో పెనుగాలి ఉంది, పోటు ఉంది. కాబట్టి దాన్ని తుపాను ఖాతాలో వేయడమే సబబు. 1839లో మళ్లీ కోరంగిని ముంచిన తుపానులో మూడు లక్షలమంది పోయారన్న లెక్క పుస్తకాల్లో తిరుగుతూ ఉంటుంది. అది బాగా పెంచి చెప్పిన అంకె అన్న అనుమానం బలంగానే ఉంది.

ఉప్పెన కూడా సునామీలా ప్రవర్తించగలదని 2013లో ఫిలిప్పీన్స్‌లో హయాన్ తుపాను రుజువు చేసింది. తూర్పు సమార్‌లోని హెర్నాని ఊరి మీదికి అలల గుంపు ఒక్కటై గోడలా వచ్చి పడింది. ఆ దృశ్యం చిత్రంగా కూడా నమోదైంది. అలాంటి అల పరిచిన పొరను వెయ్యేళ్ల తర్వాత చూసిన వారెవరైనా సునామీ అనే రాస్తారు. మోర్టన్ పట్టిక ఒక్కటే చేతబట్టుకుని కోనసీమలో దిగితే సరిపోదని దీని అర్థం.

కోనసీమలో ఇంతవరకు అందరూ ఒప్పుకున్న పాత సునామీ పొర లేదు. అంత మాత్రాన సునామీలు రాలేదని చెప్పలేం. నేల పొరలను డెల్టా పెరుగుదల కోసం చదివారు, చమురు, గ్యాస్ కోసం చదివారు. పై అయిదారు మీటర్లను సునామీ కోసం వరసగా చదివిన పని మాత్రం జరగవలసి ఉంది.

కోనసీమకు అల ఎంత వస్తుంది?

సునామీ శక్తి అన్ని దిక్కులకూ సమానంగా పోదు. సముద్రగర్భంలో చీలిన గీతకు అడ్డంగా ఎక్కువ పోతుంది. 2004లో పదమూడు వందల కిలోమీటర్ల పొడవున చీలిక వచ్చినా ఎక్కువగా జారింది దక్షిణాన సుమత్రా వైపు భాగం. దాని ఎదురుగా శ్రీలంక, తమిళ తీరాలున్నాయి, అందుకే దెబ్బ వాటికి తగిలింది. అండమాన్ వైపు భాగం తక్కువ జారింది. మన తీరానికి ఎదురుగా ఉన్నది ఆ భాగమే. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర వచ్చిన భూకంపం అలలు బంగాళాఖాతం చుట్టూ ఉన్న ఆటుపోట్ల కొలమానాల్లో నమోదయ్యాయి. నాగపట్నంలో కూడా మీటరు లోపే. 1941 జూన్‌లో అండమాన్ భూకంపం వచ్చినా మన ఒడ్డుకు పెద్ద నష్టం జరగలేదు. అంటే ఎనిమిది తీవ్రతకు అటూ ఇటూగా ఉన్న భూకంపాలు కోనసీమకు పెద్ద ముప్పు కావు. అండమాన్ భాగం అంతా ఒక్కసారిగా, బలంగా జారిన రోజే అసలు పరీక్ష. అలాంటిది ఎన్నడైనా జరిగిందా అన్నదానికి సాక్ష్యం దాచుకోగల చోట్లలో గోదావరి డెల్టా ముఖ్యమైనది. ఫ్రా థాంగ్, ఆచేలు చీలికకు తూర్పున ఉన్నాయి. పడమటి ఒడ్డున, ఉత్తరాన, ఇంత లోతుగా ఒండ్రు పేరుకున్న నేలలు తక్కువ.

రెండో ముప్పు దగ్గరిది. కృష్ణా గోదావరి నదులు తెచ్చిన ఒండ్రు సముద్రంలో ఏటవాలుగా పేరుకుని ఉంది. ఆ వాలులో గ్యాస్ హైడ్రేట్లున్నాయని 2006లో జాతీయ కార్యక్రమం కింద జరిపిన తవ్వకాల్లో తేలింది. ఒక చోట ఆ పొర 128 మీటర్ల మందం. పూర్వం ఈ వాలులో మట్టి పెద్ద ఎత్తున జారిన గుర్తులు కూడా ఉన్నాయి. సముద్రగర్భంలో చరియ విరిగితే ఏమవుతుందో ప్రపంచం చూసింది. నార్వే దగ్గర సుమారు 8,150 ఏళ్ల కిందట స్టోరెగ్గా జారుడు లేపిన అల స్కాట్లాండ్ తీరంలో ఇసుక పరిచింది. 1998లో పాపువా న్యూగినీలోని ఐటాపె దగ్గర ఓ మోస్తరు భూకంపం తర్వాత జరిగిన జారుడు రెండు వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరు నుంచి నడుస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం భూకంపాన్ని నిమిషాల్లో పట్టగలదు. సుమత్రా అల రావడానికి రెండు గంటల పైన పడుతుంది కాబట్టి ఆ హెచ్చరిక పనికొస్తుంది. మన ముంగిట్లోనే చరియ విరిగితే అంత వ్యవధి ఉండదు.

సెండాయ్ నేర్పిన పాఠం

పాత ఇసుకను చదివి ప్రయోజనమేమిటని అడిగేవారికి జపాన్ జవాబు చెబుతుంది. క్రీ.శ. 869లో జోగన్ కాలపు సునామీ సెండాయ్ మైదానాన్ని ముంచిందని రాతల్లో ఉంది. కోజి మినౌరా తదితరులు ఆ ఇసుకను మైదానం లోపలికి కిలోమీటర్ల మేర గుర్తించి, మళ్లీ రావచ్చని 2001లోనే రాశారు. ఆ మాట అణు కేంద్రాల గోడల దాకా చేరేలోగా 2011 మార్చి 11 వచ్చింది. మరో పాఠం కూడా ఆ రోజే బయటపడింది. నీరు సుమారు అయిదు కిలోమీటర్లు లోపలికి పోయినా, కంటికి కనిపించే ఇసుక మూడు కిలోమీటర్ల దగ్గరే ఆగింది. ఆపైన సన్న బురద మాత్రమే. ఇసుక ఆగిన చోటే నీరు ఆగిందనుకుంటే ముప్పును బాగా తగ్గించి చూసినట్టే. కోనసీమ లాంటి చదును నేలకు ఇది మరీ ముఖ్యం. కాలువలు, డ్రెయిన్లు, నదీపాయల వెంట నీరు చేల కంటే ముందే లోపలికి పోతుంది.

మట్టి మాయమవుతోంది

సాక్ష్యం నేలలో ఉన్నా అది ఎప్పటికీ ఉండదు. థాయ్‌లాండ్‌లో 2004 తర్వాత ఏడాదికోసారి చూస్తూ వచ్చిన శాస్త్రవేత్తలకు కొన్ని సెంటీమీటర్ల లోపు పొరలు నాలుగైదేళ్లలోనే గుర్తుపట్టలేనంతగా చెదిరిపోయి కనిపించాయి. వేర్లు, పీతలు, వాన చాలు వాటిని కలిపేయడానికి. కోనసీమలో నాగలి, ట్రాక్టరు వాటికి తోడు. అన్నిటినీ మించినది రొయ్యల చెరువు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల్లో తీరం వెంట పల్లపు భూములు చెరువులయ్యాయి. పొక్లెయిన్ తవ్వేది సరిగ్గా సాక్ష్యం ఉండాల్సిన ఆ పై మీటర్లనే. మెరకల ఇసుక ఇళ్ల పునాదుల్లోకి, రోడ్లలోకి పోతోంది. ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడంతో నది తెచ్చే మట్టి సగానికి పైగా తగ్గింది. డెల్టా ముందుకు జరగడం మాని చాలా చోట్ల కోతకు గురవుతోంది. అంతర్వేది తీరంలో ఈ కోత కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడుకున్నదేమీ కాదు. తీరం నుంచి అమలాపురం వైపు ఒక గీత, రాజోలు వైపు మరో గీత, గౌతమి దగ్గర ఇంకొకటి తీసుకుని, ప్రతి మెరక వెనక పల్లంలో చేతి బోరు వేయాలి. మూడు చోట్లా ఒకే వయసు పొర దొరికితేనే దాన్ని నమ్మాలి, ఒక తుపాను తీరంలో కొంత మేరనే ముంచుతుంది గనక. ముందుగా 1996 ఉప్పెన పొరా, 2004 సునామీ పొరా ఎక్కడ మిగిలాయో పట్టుకోవాలి. అణుపరీక్షల కాలంలో 1963 ప్రాంతంలో నేల మీద ఎక్కువగా పడిన సీజియం ఆ పై పొరల వయసు తేలుస్తుంది. మన నేలలో మన తుపాను, మన సునామీ ఎలా కనిపిస్తాయో ఆ రెండూ చూపితే, అమెరికా పట్టిక కంటే అదే మేలైన కొలబద్ద. కొత్త చెరువు తవ్విన వారం రోజులు దాని గట్టు గోడ తెరిచిన పుస్తకమే. దగ్గరి కళాశాల భూగర్భశాస్త్ర విద్యార్థులు కొలత, ఫొటో, మట్టి నమూనా తీసి భద్రపరిచినా రేపటి పరిశోధనకు అది మిగులుతుంది.

ఇప్పటి సాక్ష్యాన్ని తూచి చూస్తే తేలేది ఇది. బంగాళాఖాతాన్ని 2004 లాంటి సునామీలు గత రెండు మూడు వేల ఏళ్లలో పలుమార్లు కుదిపాయి, అందులో సందేహం లేదు. వాటిలో ప్రతిదీ కోనసీమను ముంచిందనడానికి ఆధారం లేదు. ఏదీ తాకలేదనడానికీ లేదు. తరచుగా ప్రాణాలు తీసేది మాత్రం తుపాను ఉప్పెనే. రెంటికీ అడ్డుకట్ట ఒక్కటే: ఒడ్డు వెనక ఇసుక మెరకలు, మొగల దగ్గర మడ అడవులు, ప్రతి ఊరికీ నడిచి చేరుకోగల ఎత్తైన ఆశ్రయం. కాబట్టి తీరంలో మెరక తవ్వడానికి, మడ నరకడానికి అనుమతిచ్చే అధికారులు ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. తవ్విపోసే ఆ ఇసుకలో నిన్నటి ప్రమాదం లెక్కా ఉంది, రేపటి ప్రమాదానికి అడ్డూ ఉంది.